కశ్మీర్ అని రాస్తే కశ్మీరే అడుగుతారు: ట్రావెల్స్ ప్రకటనల్లో అపోహలు - వాస్తవాలు

రాజమహేంద్రవరంలో చిన్నాచితకా ట్రావెల్స్ వాళ్లకు ప్రకటనలు రాయడం నా పని. కరపత్రం, ఆటో వెనక ఫ్లెక్సీ, వాట్సాప్ పోస్టరు, ఫేస్‌బుక్ యాడ్, అన్నీ చేస్తాను. సీజనుకు ముందు నా దగ్గరికొచ్చే యజమానులు దాదాపు ఇవే మాటలు అంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే జవాబులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: పేరున్న చోటుతో పోలిస్తేనే జనం వస్తారు.

వాస్తవం: వస్తారు, ఒకసారి.

లంబసింగికి "ఆంధ్రా కశ్మీర్" అన్న పేరు అప్పటికే ప్రచారంలో ఉంది. కొన్నేళ్ల కిందట నేనూ ఆ పేరుతోనే పోస్టరు చేశాను. కింద "కురిసే మంచులో కుటుంబంతో" అని ఒక లైను. మన భాషలో గడ్డి మీది బిందువూ మంచే, రోడ్డు కనపడనివ్వని పొగా మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. నేను రాసింది రెండోది. హైదరాబాదు నుంచి వచ్చిన ఓ కుటుంబానికి అర్థమైంది మూడోది. పిల్లలకు చేతి తొడుగులు కూడా కొనుక్కొచ్చారు. అదీ మార్చిలో, పైగా కొండ మీదికి చేరేసరికి పొద్దున పది. ఎదురుగా ఎండ తప్ప ఏమీ లేదు. వాళ్లు డబ్బు వెనక్కి ఇమ్మనలేదు. "మీరు రాసిందే కదా నమ్మాం" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు పట్టి పీడించింది.

మరుసటి ఏడాది అదే ప్యాకేజీకి ఇలా రాశాను: "నవంబరు చివరి నుంచి జనవరి దాకా మాత్రమే. చీకటితోనే చెరువులవేనం కొండెక్కాలి. ఎండెక్కితే పొగమంచు విడిపోతుంది. ఇక్కడ హిమపాతం ఉండదు." బుకింగులు పడిపోతాయని యజమాని భయపడ్డారు. ఎండాకాలంలో అడిగేవాళ్లు తగ్గిన మాట నిజమే. డిసెంబరులో వెళ్లొచ్చిన వాళ్లలో కొందరు మాత్రం పై ఏడాది చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చారు.

అసలు ఆ ఊరికి అరువు పేరు అవసరమే లేదు. స్థానికులు దాన్ని కొర్రబయలు అంటారు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడట. చలి గురించి ఇంతకంటే బలమైన మాట నేను రాయలేను. గండికోటను "ఇండియా గ్రాండ్ కాన్యన్" అని అమ్ముతున్నాం. పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుపోయిన సంగతి "గండి" అన్న మాటలోనే ఉంది కదా! అరకు కాఫీని చూడండి. సొంత పేరుతోనే 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. "ఆంధ్రా చిక్‌మగళూరు కాఫీ" అని అమ్మి ఉంటే ఆ విలువ ఎవరికి దక్కేదో ఆలోచించండి.

అపోహ: మంచి నినాదం, లోగో ఉంటే బ్రాండ్ తయారైనట్టే.

వాస్తవం: అందరూ చూపించే ఉదాహరణ కేరళ. "గాడ్స్ ఓన్ కంట్రీ" నినాదం 1980ల చివర్లో వచ్చింది. ఆ మాట కేరళలో పుట్టింది కాదు, అంతకు చాలాముందే న్యూజిలాండ్ వాళ్లు తమ దేశాన్ని అలా పిలుచుకునేవారు. మరి అది కేరళ పేరుగా ఎలా నిలబడింది? ధాన్యం మోసిన కెట్టువళ్లం పడవలను హౌస్‌బోట్లుగా మార్చారు. ఆయుర్వేద కేంద్రాలను పరిశీలించి గ్రీన్ లీఫ్, ఆలివ్ లీఫ్ గుర్తింపులు ఇచ్చారు. హోమ్‌స్టేలకు గ్రేడులు పెట్టారు. నినాదం చదివి వెళ్లినవాడికి అక్కడ చూడటానికి, నమ్మడానికి ఏదో ఒకటి దొరికింది. లోగో కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లను నేను ముందు అడిగేది వాళ్ల బస్సుల్లో ఏసీ పనిచేస్తోందా అని.

అపోహ: ధర తక్కువ చూపిస్తేనే ఫోన్ మోగుతుంది.

వాస్తవం: మోగుతుంది. కాశీయాత్ర ప్యాకేజీయే తీసుకోండి, ఆ తర్వాత గైడు ఖర్చు వేరు, పడవ వేరు, గయలో ఆటో వేరు అని చెప్పుకుంటూ పోవాలి. ఇలా ధరను కొంచెం కొంచెంగా బయటపెట్టడం, లేని తొందర పుట్టించడానికి "ఇంక రెండే సీట్లు" అనడం రెండూ కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నోటిఫై చేసిన 13 రకాల మోసపు పద్ధతుల్లో ఉన్నాయి. ఆ మార్గదర్శకాలు ఆన్‌లైన్ వేదికలతో పాటు ప్రకటన ఇచ్చేవారికీ, అమ్మేవారికీ వర్తిస్తాయి.

చట్టం సంగతి అలా ఉంచితే, కాశీయాత్రకు వెళ్లేది ఎక్కువగా అరవై దాటిన అమ్మానాన్నలు. టికెట్ కొనేది కొడుకో కూతురో, చాలాసార్లు బెంగళూరు నుంచో డాలస్ నుంచో. వాళ్ల దిగులు వెయ్యి రూపాయల తేడా గురించి కాదు. రైల్లో లోయర్ బెర్తు వస్తుందా, గది నుంచి ఘాట్‌కు ఎంత నడవాలి, లిఫ్టు ఉందా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, రాత్రికి అన్నం, చారు దొరుకుతాయా? ఈ ఐదూ రాసిన కరపత్రానికి వచ్చే ఫోన్లు తక్కువే అయినా వాటిలో బుకింగులయ్యేవి ఎక్కువ. మా తాతల తరానికి కాశీలో ఆంధ్రా ఆశ్రమం, కరివేన సత్రం పేర్లు తెలిసింది ఏ ప్రకటన వల్లా కాదు. వెళ్లొచ్చినవాళ్లు అక్కడి భోజనం గురించి చెప్పుకోవడం వల్ల.

అపోహ: సీజను లేనప్పుడు ప్రకటన దండగ.

వాస్తవం: ప్రకటన ఆపేస్తే జనం మర్చిపోతారు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 1993లో పర్యాటక ప్రచారానికి నిధులు పూర్తిగా ఆపేసింది. కొండలూ స్కీయింగూ ఎక్కడికీ పోలేదు, పర్యాటకుల్లో ఆ రాష్ట్రం వాటా మాత్రం కొన్నేళ్లలోనే బాగా పడిపోయింది. 2000లో మళ్లీ పర్యాటక కార్యాలయం పెట్టుకోవాల్సి వచ్చింది.

ప్రకటనలెందుకు, ఒక వైరల్ వీడియో చాలు అనేవాళ్లకు ఒక్క మాట: చూసినవాళ్లలో మీ బస్సు బయలుదేరే ఊళ్లో ఉన్నవాళ్లు ఎందరో లెక్క చూసుకోండి. డబ్బిచ్చి చేయించిన వీడియో అయితే ఆ సంగతి దాని మీదే రాయించండి.

అపోహ: భద్రత గురించి రాస్తే జనం భయపడతారు.

వాస్తవం: దీని మీద నేను ఎవరితోనైనా గొడవపడతాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగాక పాపికొండల యాత్ర పోస్టరులో కొండలూ సూర్యాస్తమయమూ మాత్రమే వేసి ఊరుకోవడం నాకు చేతకాలేదు. మా వైపు అందరికీ ఆ రోజు గుర్తుంది. పోస్టరులో రాయకపోయినా మనసులో ఆ ప్రశ్న ఉంటుంది. అందుకే లైఫ్ జాకెట్లు వేసుకున్న ప్రయాణికుల ఫొటోనే పెద్దదిగా వేశాను. "వరద ఎక్కువైతే యాత్ర రద్దు, డబ్బు పూర్తిగా వాపసు" అని ధర కంటే పెద్ద అక్షరాలతో పెట్టాను. ఫోన్ చేసినవాళ్లు ముందు ఆ లైను గురించే అడిగారు, నిజంగానే ఇస్తారా అని. ఇస్తామని యజమాని చేత కాగితం మీద రాయించుకున్నాకే పోస్టరు అచ్చుకిచ్చాను.

2027 గోదావరి పుష్కరాల ప్యాకేజీలకు అప్పుడే మనుషులు వస్తున్నారు. 2015 పుష్కరాల మొదటి రోజు ఇక్కడి ఘాట్‌లో జరిగిన తొక్కిసలాట ఈ ఊరు మర్చిపోలేదు. అందుకని ఈసారి దేవుడి బొమ్మ కింద రావాల్సిన మొదటి మూడు లైన్లు ముందే రాసిపెట్టాను: ఏ ఘాట్‌లో స్నానం, బస్సు దిగాక ఎంత నడక, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలి. ఆ మూడు ఖాళీలూ నింపి తెచ్చినవాళ్లకే డిజైన్ మొదలుపెడుతున్నాను.