రంగం నుంచి బర్మా క్యాంపు దాకా

2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్-1బీ వీసాలకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించగానే, పిల్లలను అక్కడికి పంపిన, పంపబోతున్న విశాఖపట్నం కుటుంబాలు ఉలిక్కిపడ్డాయి. రుసుము సంగతి అలా ఉంచితే, అప్పుడు జరిగిన చర్చలన్నింటి అడుగున ఒకే ప్రశ్న ఉంది. ఎన్నేళ్ళు పని చేస్తే, ఎంత పన్ను కడితే ఒక దేశం పరాయి మనిషిని తన మనిషిగా ఒప్పుకుంటుంది? ఈ ప్రశ్న ఐటీ ఉద్యోగాలతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. కంచరపాలెం ప్రాంతంలోని బర్మా క్యాంపులో స్థిరపడిన కుటుంబాలకు మాత్రం ఇది తాతల నాటి ప్రశ్న. ఉత్తరాంధ్ర నుంచి అంత పెద్ద సంఖ్యలో జనం సముద్రం దాటింది బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున ఉన్న బర్మాకే. ఆ వలస ఎలా మొదలైందో, ఎలా తెగిపోయిందో తెలిస్తే ఇవాళ్టి ఆందోళన మరింత స్పష్టంగా అర్థమవుతుంది.

1824లో మొదలై 1885లో ముగిసిన మూడు యుద్ధాలతో ఆంగ్లేయులు బర్మాను పూర్తిగా ఆక్రమించి బ్రిటిష్ ఇండియాలో కలిపేశారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఐరోపాకు బియ్యం ఎగుమతి పెరిగి, ఐరావతీ డెల్టాలోని చిత్తడి నేలలు వరి పొలాలయ్యాయి, రంగూన్ నదీతీరం పొడవునా బియ్యపు మిల్లులు లేచాయి. ఆ మిల్లులకూ రేవుకూ కూలీలు కావాలి. ఇటు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో జమీందారీ శిస్తులు, పదేపదే వచ్చిన కరువులు, వానాధారపు చెలకల మీద బతకలేని సన్నకారు రైతులు, భూమే లేని కూలీలు ఉన్నారు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో ఆగుతూ స్టీమర్లు రంగూన్‌కు నడిచేవి. జనం ఆ ఊరిని రంగం అని పిలుచుకున్నారు.

విశాఖలో అప్పటికి ఓడ ఒడ్డుకు చేరే హార్బరు లేదు. స్టీమరు దూరంగా సముద్రంలో లంగరు వేసేది. కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో, కెరటాల మీద ఎగిరిపడుతూ ప్రయాణికులు దాని దగ్గరికి వెళ్ళి, పైకెక్కి, డెక్కు మీద మూటాముల్లెలతో చోటు వెతుక్కునేవారు. హార్బరు 1933లో ప్రారంభమైంది. అప్పటికి ఈ వలస మొదలై రెండు మూడు తరాలు గడిచిపోయాయి.

పంపించే వ్యవస్థ మేస్త్రీల చేతిలో ఉండేది. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి ఓడ ఛార్జీకి, ఇంటి దగ్గర తీర్చాల్సిన అప్పుకు, పెళ్ళి ఖర్చుకు బయానా ఇచ్చేవాడు. అది తీరేదాకా కూలీ అతని ముఠాలోనే పనిచేయాలి. కంపెనీ కూలి డబ్బును కాంట్రాక్టరుకు ఇస్తే, అది పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీల చేతులు మారి, ఒక్కొక్క చోట కొంత తరిగి, చివరికి బస్తా మోసినవాడికి చేరేది. తిండీ బసా కూడా మేస్త్రీవే అయితే ఆ ఖర్చూ అందులోంచే పోయేది. పని మధ్యలో మానేసినవాడిని జైలుకు పంపడానికి 1859 నాటి ఒప్పంద ఉల్లంఘన చట్టం ఉండేది. దాన్ని 1925లో గానీ రద్దు చేయలేదు. మారిషస్‌కు, ఫిజీకి వెళ్ళిన గిర్మిట్ (ఒప్పంద) కూలీల గురించి కనీసం దస్తావేజులు, ప్రభుత్వ పర్యవేక్షణ ఉన్నాయి. బర్మా మాత్రం ఇండియాలో భాగమే కాబట్టి అక్కడికి వెళ్ళడం వలస కిందికే రాదని, 1922 నాటి వలస చట్టం కూడా వాళ్ళకు వర్తించదని ప్రభుత్వం తేల్చింది. మొత్తం కథకు ఇదే మూలమని నా అభిప్రాయం. తమ దేశంలోనే ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్తున్నామనుకుని వాళ్ళు ఓడ ఎక్కారు.

రేవులో ఓడల మీద సరుకు ఎక్కించి దించే కళాసీలు, మిల్లుల్లో ధాన్యం మోసేవాళ్ళు, సంపాన్ పడవలు నడిపేవాళ్ళు, రిక్షాలు లాగేవాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువ. నగర పారిశుద్ధ్య పని కూడా చాలావరకు తెలుగు దళితుల చేతుల మీదుగానే నడిచింది. ఊళ్ళో ఏ కులాన్ని ఏ పనికి కట్టేశారో, సముద్రం దాటాక కూడా అదే పని వాళ్ళ కోసం సిద్ధంగా ఉందన్నమాట. కిక్కిరిసిన బస ఇళ్ళలో, గాలి ఆడని గదుల్లో, ఒకడు లేచి పనికి పోతే ఆ చాప మీద ఇంకొకడు పడుకునేవాడు. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ జనాభాలో సగానికి పైగా వాళ్ళే. తెలుగు కూలీలను అక్కడ, పాత కోరంగి రేవు పేరు మీద, కోరంగీలు అనేవారు.

తర్వాత జరిగినదాన్ని బర్మావాళ్ళ ద్వేషం అని ఒక్కమాటలో తేల్చేస్తే అన్యాయమవుతుంది. 1929 తర్వాత ప్రపంచ మాంద్యంలో ధాన్యం ధర కూలిపోయింది. అప్పు తీర్చలేని బర్మా రైతుల పొలాలు, తమిళనాడు నుంచి వెళ్ళిన వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతుల్లోకి పోయాయి. 1930లో దిగువ బర్మా వరి భూముల్లో సుమారు ఆరు శాతం చెట్టియార్లవైతే, 1938కి అది పాతిక శాతానికి చేరింది. పొలం పోయిన రైతు కూలి పని కోసం రంగూన్ చేరితే, అక్కడ రేవులో ప్రతి పనిలోనూ అతనికి తెలుగు కళాసీలే కనిపించారు. భూమి గుంజుకున్నదీ, బస్తా మోస్తున్నదీ ఒకరు కాదు. ఇద్దరూ ఇండియా నుంచి వచ్చారన్న ఒక్క కారణంతో అతని కంటికి ఇద్దరూ ఒకటయ్యారు.

ఆ కోపం రాజుకుంటుండగా 1930 మే నెల వచ్చింది. గాంధీ అరెస్టయిన తర్వాత తెలుగు కళాసీలు కూలి పెంచాలని సమ్మెకు దిగారు. సరుకు దించే కంపెనీలు సమ్మెను విరవడానికి బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి. రేవు పని అలవాటు లేకపోయినా వాళ్ళు ఎండలో కష్టపడి ఓడల పని నడిపించారు. ఇంతలో కంపెనీలు కళాసీలతో రాజీ కుదుర్చుకున్నాయి. మే 26 ఉదయం బర్మా కూలీలు మామూలుగా పనికి వచ్చేసరికి, ముందుగా ఎవరూ ఏమీ చెప్పకుండానే వాళ్ళ స్థానంలో పాత కళాసీలు నిలబడి ఉన్నారు. మాటా మాటా పెరిగింది. ఆ తర్వాత కొన్ని రోజులు రంగూన్ వీధుల్లో తెలుగువాళ్ళను వెతికి వెతికి చంపారు. వంద మందికి పైగా చనిపోయారు. వేలమంది ఇళ్ళు వదిలి తలదాచుకోవలసివచ్చింది. అటుపైన రేవు పనిని రెండు వర్గాలకూ పంచే ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు ముందే జరిగి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో! రెండు వైపులా పేదవాళ్ళే ఉన్న ఆ గొడవలో, ఒకరి మీదికి ఇంకొకరిని నిలబెట్టి లాభపడిన యజమానులకు గీత కూడా పడలేదు.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. కూలీలు ఉన్నచోటే ఉన్నారు, వాళ్ళ మధ్య నుంచి సరిహద్దు వెళ్ళింది. 1938లో మళ్ళీ అల్లర్లు చెలరేగాయి. 1941లో వలసను అదుపు చేసే ఒప్పందం కుదిరింది గానీ, అది అమలయ్యేలోగానే యుద్ధం వచ్చిపడింది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. జనం ఊరు వదిలి పారిపోతుంటే, రేవు పని ఆగిపోతుందన్న భయంతో కూలీలను వెనక్కి రప్పించడానికి ప్రభుత్వం ప్రయత్నించింది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఓడ టికెట్టు దొరకనివాళ్ళు అరకాన్ కొండల మీదుగా, తమూ నుంచి ఇంఫాల్ వైపు, హుకాంగ్ లోయ గుండా నడిచారు. దాదాపు అయిదు లక్షల మంది అలా ఇండియా చేరారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలోనే పోయినవాళ్ళ సంఖ్య పది వేల నుంచి యాభై వేల పైదాకా రకరకాలుగా చెబుతారు, ఖచ్చితమైన లెక్క ఎవరూ తీయలేదు. తెల్లవాళ్ళకు ఒక దారి, సౌకర్యాలు, నల్లవాళ్ళకు ఇంకో దారి అన్న ఆరోపణ అప్పట్లోనే దేశమంతా వినిపించింది. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి. రంగంలో బాంబులు తప్పించుకుని వచ్చినవాళ్ళకు సొంత తీరంలోనూ అవే ఎదురయ్యాయి.

యుద్ధం ముగిశాక చాలామంది తిరిగి వెళ్ళారు. వాళ్ళ బతుకుతెరువు, కొందరి పెళ్ళాం బిడ్డలు అక్కడే ఉన్నారు. 1948 జనవరి 4న స్వతంత్రమైన బర్మా, 1942కు ముందు పదేళ్ళలో ఎనిమిదేళ్ళు అక్కడ నివసించినవాళ్ళు పౌరసత్వం కోరవచ్చని రాజ్యాంగంలో రాసుకుంది. చదువురాని కళాసీ ఆ ఎనిమిదేళ్ళను దేనితో రుజువు చేయాలి? అతని పేరు మేస్త్రీ లెక్కల పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం యుద్ధంలో పోయింది. దరఖాస్తు పెట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. చాలామంది విదేశీయుల రిజిస్ట్రేషన్ పత్రంతోనే కాలం గడిపారు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలను జాతీయం చేశారు. మే 17న యాభై, వంద చాట్ నోట్లు చెల్లవని ప్రకటించారు. పెట్టెలో దాచుకున్న కష్టార్జితం ఒక్క రోజులో చిత్తుకాగితమైంది. తర్వాతి కొన్నేళ్ళలో సుమారు మూడు లక్షల మంది భారతీయులు ఆ దేశం వదిలారు. నగదూ నగలూ పట్టుకెళ్ళడానికి కఠినమైన పరిమితులు పెట్టారు.

బర్మా క్యాంపు ఆ రాకతో ఏర్పడింది. కాందిశీకులుగా వచ్చినవాళ్ళలో చాలామందికి శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్టాలున్నారు గానీ భూమి లేదు, ఉన్న చెక్క అన్నదమ్ముల వాటాల్లో ఎప్పుడో కలిసిపోయింది. విశాఖలో రేవు, షిప్‌యార్డు, చమురు శుద్ధి కర్మాగారం ఉన్నాయి కాబట్టి పని దొరుకుతుందన్న ఆశ ఉంది. 1969లో కేంద్ర ప్రభుత్వం బర్మా, శ్రీలంకల నుంచి తిరిగివచ్చినవాళ్ళ కోసం రెప్కో బ్యాంకును స్థాపించి అప్పులిప్పించింది. ఆ సహాయాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అక్కడే పుట్టి, బర్మా భాష మాట్లాడుతూ, ముఖానికి తనాకా అనే చెట్టు బెరడు పూత రాసుకుని తిరిగిన పిల్లలకు ఇండియా అనేది అమ్మమ్మ నోట విన్న ఊరు మాత్రమే. అక్కడ కోరంగీలు అనిపించుకున్నవాళ్ళు ఇక్కడికి వచ్చాక బర్మావాళ్ళయ్యారు. బడిలో, పనిలో, పెళ్ళి సంబంధాల్లో ఆ పేరు కొన్నాళ్ళు వెంటాడింది. ఖౌస్వే అనే బర్మా నూడుల్స్ వంటకం వండుకున్నా, పండక్కి చుట్టాలింటికి వెళ్ళినా వాళ్ళను వేరుగా చూసే చూపు పోవడానికి ఒక తరం పట్టింది.

ఉండిపోయినవాళ్ళ సంగతి ఇంకా కష్టం. 1982 పౌరసత్వ చట్టం బర్మా (ఇప్పటి మయన్మార్) పౌరులను మూడు మెట్లుగా విడదీసింది. 1823కు ముందు నుంచి అక్కడ స్థిరపడిన జాతులవారికి పూర్తి పౌరసత్వం. 1948 చట్టం కింద దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకు రెండో మెట్టు, ఆధారాలు చూపి తర్వాత పొందినవాళ్ళకు మూడోది. తెలుగు కుటుంబాల్లో చాలావరకు 1852 తర్వాత వెళ్ళినవే కాబట్టి, నాలుగైదు తరాలు గడిచినా పై మెట్టు వాళ్ళలో చాలామందికి అందలేదు. పిల్లలకు బర్మా పేర్లు పెట్టుకుని, ఇంట్లో, గుడిలో, చర్చిలో తెలుగును నిలుపుకోవడానికి వాళ్ళు పడుతున్న తాపత్రయం గురించి ఇక్కడ మనం చాలా తక్కువగా మాట్లాడుకుంటాం.

అమెరికాలో ఉన్న తెలుగు ఇంజనీరును రంగం కళాసీతో పూర్తిగా పోల్చలేం, చదువూ జీతమూ హక్కులూ వేరు. అయినా ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకో యజమానిని వెతుక్కోవాలన్న నిబంధన, ఒక్కో దేశానికి ఏడు శాతం అన్న గ్రీన్‌కార్డు పరిమితి వల్ల సాగే ఎదురుచూపు మనిషి స్థానాన్ని అతని పనిని బట్టి కాక పత్రాన్ని బట్టే నిర్ణయిస్తున్నాయి. ఇక మేస్త్రీ పద్ధతి ఎక్కడికీ పోలేదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, డబ్బు తీసుకుని, ఉత్తరాంధ్ర యువకులను ఏజెంట్లు కంబోడియాకు పంపిన వ్యవహారాన్ని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని వాళ్ళ చేత సైబర్ మోసాలు చేయించారు. విదేశాలకు కూలీలను పంపే ఏజెంటుకు లైసెన్సు తప్పనిసరి అని 1983 నాటి వలస చట్టం చెబుతోంది. దాన్ని టెక్కలి, పలాస, నర్సీపట్నం వంటి ఊళ్ళలో బస్టాండు పక్క గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టిన ప్రతి ఏజెంటు మీదా అమలు చేసే బాధ్యత ప్రభుత్వాలది. బయానా తీసుకున్న కూలీ ఊరు దాటకముందే అడగవలసిన ప్రశ్నలను, పంపేవాడెవడు, అతనికి అనుమతి ఉందా అన్నవాటిని, ఆంగ్లేయుల ప్రభుత్వం అడగనే లేదు.