‘అన్నా, నా సిస్టంలో బాగానే నడుస్తోంది!’: కంటెయినర్ల మీద అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో చీనీకాయల మండీలకు లెక్కల యాప్ చేస్తున్నాం. లాగిన్, తూకం, బిల్లు, రైతు ఫోనుకు మెసేజ్. మొత్తం నాలుగు సర్వీసులు, నాలుగు కంటెయినర్లు. కంటెయినర్ అంటే ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టె లాంటిది. టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ల్యాప్‌టాప్‌లో నడిచిందంటే క్లౌడ్‌లోనూ నడుస్తుంది. డాకర్ (కంటెయినర్లను కట్టి నడిపే టూల్) ఉన్నదే అందుకు.

వాస్తవం: కంటెయినర్ మన కోడ్‌నీ, దానికి కావాల్సిన లైబ్రరీలనీ మోసుకెళ్తుంది. పక్క సర్వీసు ఎక్కడుందో దానికి తెలియదు. బిల్లు సర్వీసు తూకం సర్వీసును ‘లోకల్‌హోస్ట్ 5001’ అని పిలిచేలా ఒకబ్బాయి రాశాడు. తన మెషీన్‌లో రెండింటినీ నేరుగా నడిపినన్నాళ్లూ ఇబ్బంది లేదు. కంటెయినర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే. బిల్లు సర్వీసు తన తలుపు తనే తట్టుకుంటోంది. లాగ్ తెరిస్తే ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అనే లైను తప్ప ఇంకేం లేదు. అడ్రసు కోడ్‌లో రాయకుండా, ఎప్పుడూ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే సెట్టింగ్‌గా) బయటినుంచే ఇవ్వండి. డాకర్ కంపోజ్‌లోనైతే (ఒకే ఫైలులో రాసి కంటెయినర్లన్నిటినీ కలిపి నడిపే టూల్) సర్వీసు పేరే అడ్రసు.

ల్యాప్‌టాప్‌లో నడిచింది క్లౌడ్‌లో ఆగిపోయే కారణాలు ఇంకో రెండున్నాయి. సర్వర్ 127.0.0.1 (అంటే లోకల్‌హోస్టే) మీద వింటుంటే బయటి రిక్వెస్ట్ లోపలికి రాదు, 0.0.0.0 (అన్ని అడ్రసులూ) మీద వినాలి. కొత్త మ్యాక్‌లో కట్టిన ఇమేజ్ (కంటెయినర్ పుట్టే మూస) ఆర్మ్ ప్రాసెసర్‌కు తయారవుతుంది. ఇంటెల్ తరహా సర్వర్ మీద పెడితే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ వస్తుంది. ఇమేజ్ కట్టేటప్పుడే ప్లాట్‌ఫామ్ చెప్పాలి.

అపోహ: కంపోజ్ ఫైలులో ‘డిపెండ్స్ ఆన్’ (ఫలానాది ముందు మొదలవ్వాలి అని) రాశాం, డేటాబేస్ సిద్ధమయ్యాకే మన సర్వీసు లేస్తుంది.

వాస్తవం: అది ఊరికే రాస్తే డేటాబేస్ కంటెయినర్ మొదలయ్యేదాకే ఆగుతుంది. సిద్ధమయ్యేదాకా ఆగాలంటే డేటాబేస్‌కు హెల్త్‌చెక్ (సిద్ధంగా ఉందో లేదో చూసే పరీక్ష) జోడించి, ‘డిపెండ్స్ ఆన్’లో ‘సర్వీస్ హెల్తీ’ అనే షరతు పెట్టాలి. కోడ్‌లో మళ్లీ ప్రయత్నించే ఏర్పాటూ ఉండాలి.

అపోహ: కంటెయినర్లో దాచిన ఫైలు ఎక్కడికీ పోదు.

వాస్తవం: ఈ ఒక్కటి మాత్రం దయచేసి మర్చిపోకండి. మొదట్లో మేం తూకం చీటీల ఫొటోలు కంటెయినర్ లోపలి ఫోల్డర్‌లోనే పెట్టాం. ఒక సాయంత్రం చిన్న మార్పు చేసి మళ్లీ డిప్లాయ్ చేశాం, అంటే కొత్త కోడ్ సర్వర్ మీద పెట్టాం. పాత కంటెయినర్ తీసేసి కొత్తది వచ్చింది, ఆ ఫోల్డర్ ఖాళీ. మర్నాడు ఒక రైతు తన లాటు బరువు మీద అనుమానమొచ్చి చీటీ ఫొటో అడిగాడు. ఇవ్వలేకపోయాం. ఆయన చేతిలో ఉండాల్సిన రుజువు మా వల్ల పోయింది, ఆ బాధ నాకింకా ఉంది. ఫొటోలు ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో (కంటెయినర్ బయట ఫైళ్లు దాచే క్లౌడ్ గోదాములో), లెక్కలు బయటి డేటాబేస్‌లో పెట్టండి. కంటెయినర్ ఎప్పుడు పోయినా నష్టం ఉండకూడదు.

అపోహ: కంటెయినర్ ఉన్నట్టుండి ఆగిందంటే కోడ్‌లో బగ్.

వాస్తవం: ముందు ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ఆగేటప్పుడు వదిలే అంకె) చూడండి. 137 అంటే 128కి 9 కలిపిన అంకె, 9 అంటే ప్రాసెస్‌ను బలవంతంగా చంపే సిగ్నల్. ఎక్కువసార్లు కారణం మెమరీ పరిమితి దాటడమే. మాకు వేలం అయిపోగానే బిల్లుల పీడీఎఫ్‌లన్నీ ఒక్కసారిగా తయారవుతాయి. 256 ఎంబీ సరిపోక సరిగ్గా ఆ వేళకే బిల్లు సర్వీసు పడిపోయేది. పరిమితి పెంచి, పీడీఎఫ్‌లను వరుసలో ఒక్కొక్కటిగా చేయించాం.

అపోహ: ఎన్ని సర్వీసులుగా విడగొడితే అంత మంచిది.

వాస్తవం: ప్రతి సర్వీసుకూ దాని మెమరీ, లాగ్, డిప్లాయ్ వేరు, క్లౌడ్ ఖర్చూ వేరు. ఇద్దరు ముగ్గురున్న టీమ్‌కు అది బరువే. లాగిన్‌ను, బిల్లును మేం వచ్చే నెల ఒకే సర్వీసుగా కలిపేస్తున్నాం.