రౌండానాకు మధ్యలో బొమ్మ ఒక్కటే చాలదు

చిరంజీవులు మనవడికి, మనవరాలికి,

తాతయ్య ఆశీస్సులు. అమెరికాలో మీ కార్మెల్‌లో మలుపు మలుపుకూ రౌండానా, అంటే కూడలి మధ్య దిబ్బ చుట్టూ బండ్లు తిరిగే వలయం, ఎందుకు కట్టారని, మన ఊరి బొమ్మ సెంటర్ కూడా గుండ్రంగానే ఉన్నా అక్కడ బండ్లు ఎందుకు ఇరుక్కుపోతాయని మొన్న ఫోనులో అడిగారు. ఉద్యోగమంతా రోడ్లతోనే గడిపినవాణ్ని కనుక రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇండియానా రాష్ట్రంలో సుమారు లక్ష జనాభా ఉన్న మీ ఊళ్లో 150కి పైగా రౌండానాలు ఉన్నాయి. 1996 నుంచి 2023 చివరి వరకు మేయరుగా ఉన్న జేమ్స్ బ్రైనార్డ్, చదువుకునే రోజుల్లో ఇంగ్లండులో వీటిని చూసి, తన ఊళ్లో సిగ్నళ్ల స్థానంలో ఒక్కొక్కటిగా కట్టిస్తూ వచ్చారు. అయితే నాలుగు రోడ్ల మధ్య వలయం కట్టడం అప్పటికి కొత్తేమీ కాదు. న్యూయార్కులో కొలంబస్ సర్కిల్ 1905 నాటిది. ఆ పాత వలయాల్లో చాలాచోట్ల బయటి నుంచి వచ్చే బండికే ముందు దారి ఇచ్చేవారు. రద్దీ పెరిగేసరికి, వచ్చే బండ్లు లోపల తిరిగే బండ్లను ఆపేసేవి, ఆగిన బండి తాను బయటపడవలసిన రోడ్డు దాకా వెళ్లలేకపోయేది, దాని వెనుకవి అంతకు ముందున్న రోడ్డు మొగను మూసేసేవి. అలా వలయమంతా బిగుసుకుపోయేది. బ్రిటన్‌లో ఫ్రాంక్ బ్లాక్‌మోర్ వంటి ఇంజనీర్లు చేసిన ప్రయోగాల తర్వాత, 1966 నవంబరులో అక్కడ నియమం తిరగబడింది. లోపల తిరుగుతున్నవారిదే ముందు హక్కు, వచ్చేవారు ఆగి, సందు చూసుకుని దూరాలి. రౌండానాను నడిపించేది ఈ నియమమే. మీ దగ్గర ఎడమవైపు నుంచి, మన దగ్గర కుడివైపు నుంచి తిరిగి వచ్చేవారికి దారి ఇవ్వాలి.

నియమం రాసి బోర్డు పెట్టినంత మాత్రాన ఎవరూ నెమ్మదించరు కనుక, నెమ్మదించక తప్పని విధంగా రోడ్డునే మలుస్తారు. మీ కారు వలయం దగ్గరికి రాగానే దారి పక్కకు ఒంగుతుంది. ఆ ఒంపులో గంటకు 25 నుంచి 40 కిలోమీటర్లకు మించి పోవడం కష్టం. మధ్య దిబ్బ మీద పొదలు పెంచేది అందానికే కాదు, ముందు రోడ్డు తిన్నగా లేదని డ్రైవరుకు దూరం నుంచే తెలియడానికి కూడా. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బండ్ల దారులు ఒకదానికొకటి తగిలే చోట్లు 32 ఉంటే, ఒకే వరుస రౌండానాలో 8 ఉంటాయి. ఎదురెదురుగా గానీ, అడ్డంగా వచ్చి నడుముకు గానీ గుద్దుకునే ప్రమాదాలు దాదాపు పోతాయి. అమెరికాలో రౌండానాలుగా మార్చిన 24 కూడళ్లను పరిశీలిస్తే, గాయాలయ్యే ప్రమాదాలు నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గినట్టు తేలింది. చిన్న ఊళ్లకు ఇంకో లాభం, కరెంటు పోయినా ఇది పని చేస్తుంది.

దిబ్బ చుట్టూ కాస్త ఎత్తుగా, వేరే రంగు కాంక్రీటుతో ఒక పట్టీ ఉంటుంది, గమనించారా? పొడుగాటి లారీ తిరిగేటప్పుడు దాని వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలివైపుకు జరిగి వస్తాయి. అవి ఎక్కడానికే ఆ పట్టీ. కార్లు ఎక్కితే కుదుపు తగిలేటంత ఎత్తు మాత్రం ఉంచుతారు. నడిచేవారి దాటుదారిని వలయానికి ఒక కారు పొడవు వెనక్కి పెట్టి, నడుమ చిన్న తిన్నె కడతారు. దాటేవారు ఒక్కసారికి ఒకవైపు నుంచి వచ్చే బండ్లను చూసుకుంటే చాలు. చూపు లేనివారికి మాత్రం, ఆగని బండ్ల చప్పుడులో సందు కనిపెట్టడం కష్టమే.

ఇక మన సెంటర్. అక్కడ ఉన్నది బొమ్మ చుట్టూ కట్టిన గద్దె మాత్రమే. ప్రవేశం దగ్గర ఒంపు లేదు, దారి ఇచ్చే గీత లేదు, ఉన్నా ఆ గీత మీదే ఆటోలు ఆగుతాయి. జయంతికీ వర్ధంతికీ దండ వేయడానికి జనం వలయంలోంచే దాటాలి, మిగతా రోజుల్లో ఫ్లెక్సీలు చూపుకు అడ్డం. రౌండానాలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు వేరే ఉన్నాయి, చదివి పాటించడమే మిగిలింది. అయినా ఒక్క రోడ్డు నుంచే తెరిపి లేకుండా బండ్లు వచ్చే చోట, రెండో రోడ్డువారికి సందు దొరకదు. అటువంటి కూడలికి సిగ్నలే మేలని నా అభిప్రాయం.

దారి తప్పితే ఏం చేయాలని చిన్నదానివి నువ్వు అడిగావు. ఏమీ లేదమ్మా, ఇంకో చుట్టు తిరిగి రావచ్చు, వెనుకవాళ్లెవరూ హారన్ కొట్టరు.

ఇట్లు,
మీ తాతయ్య