పొట్టి కాళ్ల విమానం

ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర కూర్చున్నప్పుడు అద్దం అవతల బోయింగ్ 737-800 ఆగి ఉంటే, దాని ఇంజిన్‌ను ఒకసారి ఎదురుగా చూడండి. ముందు నోరు గుండ్రంగా ఉండదు. పైభాగం గుండ్రమే కానీ, అడుగున ఎవరో అరచేత్తో నొక్కినట్టు చదునుగా ఉంటుంది. పక్కన ఎయిర్‌బస్ ఎ320 ఉంటే తేడా ఇట్టే తెలిసిపోతుంది. దాని ఇంజిన్ నిండుగా గుండ్రం, కింద నేలకు మధ్య బోలెడు జాగా.

ఆ నొక్కు అందం కోసం పెట్టింది కాదు. 1960లలో తీసుకున్న ఒక నిర్ణయం ఇంజిన్ మీద వేసిన ముద్ర అది. 2018, 2019లలో రెండు 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది చనిపోయిన కథ కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మొదటి 737 ఎగిరింది 1967 ఏప్రిల్ 9న. వంద మంది ఎక్కే విమానం, చిన్న ఊళ్ల మధ్య తిరగడానికి. ఆ రోజుల్లో చిన్న విమానాశ్రయాల్లో సామాను ఎక్కించే బెల్టులు, మెట్ల బళ్లు ఉంటాయన్న భరోసా లేదు. అందుకని విమానాన్నే నేలకు దగ్గరగా కట్టారు. కింద నిలబడ్డ మనిషి సూట్‌కేసును పెద్దగా ఎత్తకుండానే లోపలికి అందించగలడు. ముందు తలుపు కింద మడత మెట్లు కూడా పెట్టుకోవచ్చు. బరువు తగ్గించడానికి వెనక చక్రాలకు తలుపులు పెట్టలేదు. ఇప్పటికీ తలపై నుంచి వెళ్తున్న 737 కడుపులో రెండు నల్లటి గుండ్రాలు కనిపిస్తాయి, అవే ఆ చక్రాలు. మనుషులు కూర్చునే గొట్టం మాత్రం కొత్తది కాదు. బోయింగ్ తన పాత విమానాలు 707, 727లకు వాడిన 3.76 మీటర్ల వెడల్పునే తీసుకున్నారు.

మరి కాళ్లు పొట్టిగా ఉంటే ఇంజిన్ ఎక్కడ పెట్టాలి? అప్పట్లో అది సమస్యే కాదు. నాటి ప్రాట్ అండ్ విట్నీ జేటీ8డీ ఇంజిన్ సన్నగా, చుట్టలా ఉండేది. ముందు ఫ్యాన్ అడ్డంగా కొలిస్తే మీటరుకు అటూఇటూ. రెక్క కింద అతికించినట్టు సరిపోయింది.

నిజానికి పొట్టి కాళ్ల ఇబ్బంది బోయింగ్‌కు అంతకు ముందే ఎదురైంది. విమానాన్ని పెంచాలంటే రెక్కకు ముందొక గొట్టం ముక్క, వెనకొక ముక్క చేర్చి పొడవు చేస్తారు. అయితే పొడుగు పెరిగేకొద్దీ, టేకాఫ్‌లో ముక్కు ఎత్తగానే తోక రన్‌వేకు తగులుతుంది. పోటీ కంపెనీ డగ్లస్ వాళ్ల డీసీ-8కి కాళ్లు ఎత్తుగా ఉండటంతో 1966లో దాన్ని ఏకంగా 11 మీటర్లు సాగదీశారు. దాని పోటీదారు 707కు ఆ ఎత్తు లేక, అలా సాగే వీలు లేకపోయింది. అయినా 737ను ఎత్తు తక్కువగా కట్టిన వాళ్లను నేను తప్పుపట్టను. వంద సీట్ల విమానం ఏదో ఒక రోజు 230 సీట్ల దాకా పెరుగుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

పెరిగింది కాబట్టే ఈ గొడవంతా. ఎందుకు పెరిగిందో తెలియాలంటే విమానాల 'కుటుంబం' అంటే ఏమిటో చూడాలి.

పైలట్‌కు లైసెన్సు ఒక్కటే చాలదు. పెద్ద విమానాల్లో ప్రతి రకానికీ విడిగా 'టైప్ రేటింగ్' ఉండాలి. అది రావాలంటే వారాల తరబడి శిక్షణ, సిమ్యులేటర్, పరీక్ష. అన్నాళ్లూ ఆ పైలట్ జీతం తీసుకుంటాడు గానీ విమానం నడపడు. ఎయిర్‌లైన్ దగ్గర ఉన్నవన్నీ ఒకే రకమైతే ఎవరినైనా ఏ విమానమైనా ఎక్కించవచ్చు, స్పేర్ పార్టులు ఒకే గోదాములో ఉంటాయి, మెకానిక్కులు ఒకే పని నేర్చుకుంటే చాలు. అమెరికాలోని సౌత్‌వెస్ట్ 1971లో మూడు 737లతో మొదలై, ఈ లెక్క మీదే ప్రపంచంలోని పెద్ద సంస్థల్లో ఒకటైంది.

అంటే కుటుంబాన్ని నిలిపేది పోలికలు కాదు, పైలట్ జేబులోని కాగితం. 1980లలో వచ్చిన బోయింగ్ 757, 767లనే చూడండి. ఒకటి మధ్యలో ఒకే నడవ ఉన్న సన్నటి విమానం, రెండోది రెండు నడవల వెడల్పాటిది. కాక్‌పిట్ ఒకేలా ఉండటంతో రెండింటికీ ఒకే రేటింగ్ సరిపోతుంది. కుటుంబంలో అందరూ రాణిస్తారనీ లేదు. పెద్దదాన్ని కుదించి కట్టిన తమ్ముళ్లు ఎప్పుడూ నష్టజాతకులే. రెక్కలు, చక్రాలు పెద్దన్న బరువుకు తగ్గట్టు ఉంటాయి, టికెట్లు మాత్రం తక్కువ అమ్ముడవుతాయి. ఎ318లు 80, 737-600లు 69 మాత్రమే తయారయ్యాయి.

ఎయిర్‌బస్ ఇంకో దారి పట్టింది. 1987 ఫిబ్రవరి 22న ఎగిరిన ఎ320లో పైలట్ చేతికీ రెక్కకూ మధ్య కంప్యూటర్ కూర్చుంది. ప్రయాణికుల విమానాల్లో డిజిటల్ ఫ్లై-బై-వైర్ అదే మొదలు. పైలట్ పక్కనున్న చిన్న స్టిక్‌ను కదిపితే 'ఇంత వంగాలి' అన్న ఆదేశం వెళ్తుంది, ఎలా వంగాలో కంప్యూటర్ చూసుకుంటుంది. అందుకే ఎ319 అయినా ఎ321 అయినా పైలట్ చేతికి దాదాపు ఒకేలా అనిపించేట్టు చేయగలిగారు. చాలా పెద్దదైన ఎ330కి మారాలన్నా కొత్త పైలట్‌కు పట్టేంత కాలం పట్టదు. ఇక్కడ కుటుంబ పోలిక సాఫ్ట్‌వేర్‌లో ఉంది. 737లో అది ఉక్కు తీగల్లో, కప్పీల్లో ఉంది. దాన్ని మార్చడం అంత తేలిక కాదు.

ఈలోగా ఇంజిన్లు లావెక్కాయి. పెద్ద ఫ్యాన్ పెట్టి ఎక్కువ గాలిని నెమ్మదిగా వెనక్కి నెడితే, తక్కువ గాలిని వేగంగా నెట్టడం కంటే ఇంధనం ఆదా, చప్పుడూ తక్కువ. 1984లో ఎగిరిన 737-300కు 1.52 మీటర్ల ఫ్యాన్ ఉన్న సీఎఫ్‌ఎం56 ఇంజిన్ పెట్టాల్సి వచ్చింది. జాగా లేదు. ఇంజిన్ అడుగున వేలాడే గేర్‌బాక్సు, పంపులను పక్కకు జరిపి, ఇంజిన్‌ను రెక్కకు ముందుకు తెచ్చి, కింద చదును చేశారు. మొదట్లో చెప్పిన నొక్కు ఇదే.

1997లో కొత్త రెక్కలతో తర్వాతి తరం వచ్చింది. కాక్‌పిట్‌లో తెరలు వచ్చాయి. అయితే ఆ తెరల మీద పాత గుండ్రటి ముళ్ల డయల్స్ బొమ్మలు చూపించే ఏర్పాటూ ఉంది, సౌత్‌వెస్ట్ చాలాకాలం అలాగే వాడింది. ఎల్‌ఈడీ బల్బును కిరసనాయిలు లాంతరులో పెట్టుకున్నట్టన్నమాట! పాత 737 నడిపేవాళ్లు కొత్తదానికి ఇబ్బంది లేకుండా మారడమే ముఖ్యం. విమానం ఎగరొచ్చని ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ కూడా 1967 నాటిదే, సవరణల మీద సవరణలతో సాగుతోంది. మార్చిన భాగం కొత్త నిబంధనలకు లోబడాలి. మార్చనిదాంట్లో చాలావరకు పాత నిబంధనలతోనే గడిచిపోతుంది. కాబట్టి మార్చకపోవడమే లాభం.

2010 డిసెంబరులో ఎయిర్‌బస్ కొత్త ఇంజిన్లు పెట్టిన ఎ320, అంటే ఎ320 నియోను ప్రకటించింది. కాళ్లు ఎత్తుగా ఉండటంతో దాదాపు రెండు మీటర్ల ఫ్యాన్ ఉన్న ఇంజిన్ పెద్ద తంటా లేకుండా పట్టింది. బోయింగ్ అప్పటికి పూర్తిగా కొత్త విమానం గురించి ఆలోచిస్తోంది. 2011 జులైలో, తన పాత కస్టమర్ అమెరికన్ ఎయిర్‌లైన్స్ 260 ఎయిర్‌బస్‌లు కొంటానని ప్రకటించడంతో సీన్ మారిపోయింది. మరుసటి నెలలోనే, పాత 737కే కొత్త ఇంజిన్లు పెట్టే 737 మ్యాక్స్ ఖాయమైంది.

ముక్కు కింది చక్రాన్ని 20 సెంటీమీటర్లు ఎత్తు చేసి, ఇంజిన్‌ను ఇంకా ముందుకు, పైకి జరిపి 1.76 మీటర్ల ఫ్యాన్‌ను ఇరికించారు. ముక్కు బాగా పైకి లేచినప్పుడు ఆ పెద్ద ఇంజిన్ తొడుగే కొంత లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) పుట్టించి ముక్కును ఇంకా ఎత్తడం మొదలుపెట్టింది. పైలట్ చేతికి కంట్రోల్ తేలికవుతుంది, నిబంధనల ప్రకారం అలా కాకూడదు. దానికి మందుగా రాసిన సాఫ్ట్‌వేరే ఎంకాస్. తోక దగ్గరి అడ్డరెక్కను తిప్పి ముక్కును కిందికి దించడం దాని పని. మొదట ఒకసారికి 0.6 డిగ్రీలు తిప్పేలా అనుకున్నది తర్వాత 2.5 డిగ్రీలైంది. ఎదురుగాలికి విమానం ఎంత కోణంలో లేచిందో చెప్పే సెన్సర్లు రెండుండగా ఇది ఒక్కదాన్నే నమ్మేది. పైలట్ల మాన్యువల్‌లో దాని ఊసే లేదు. కొత్త శిక్షణ పెట్టాల్సి వస్తుందన్నదే అసలు టెన్షన్. మ్యాక్స్‌కు సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరైతే విమానానికి 10 లక్షల డాలర్ల చొప్పున తగ్గిస్తామని సౌత్‌వెస్ట్‌కు మాటిచ్చిన ఒప్పందం తర్వాత బయటపడింది.

737 కాక్‌పిట్‌లో పైలట్ల మోకాళ్ల మధ్య, అటొకటి ఇటొకటి, తెల్ల గీతలున్న నల్లటి చక్రాలు ఉంటాయి. అడ్డరెక్క తిరిగితే అవీ టకటకమంటూ తిరుగుతాయి. 2018 అక్టోబరు 29న లయన్ ఎయిర్ 610లో అవి తిరగడం మొదలుపెట్టాయి. తప్పుగా సెట్ చేసిన సెన్సర్ ఒకటి ముక్కు విపరీతంగా లేచిందని చెబుతోంది. ఎంకాస్ దించడం, కెప్టెన్ బటన్ నొక్కి ఎత్తడం, మళ్లీ దించడం. ఇరవైసార్లకు పైగా కెప్టెన్ దాన్ని ఎత్తాడు. తనెవరితో కొట్లాడుతున్నాడో అతనికి తెలియదు. 189 మంది పోయారు. 2019 మార్చి 10న ఇథియోపియన్ 302 పైలట్లకు సంగతి తెలుసు, అడ్డరెక్కను తిప్పే మోటారు స్విచ్చులు ఆపేశారు కూడా. ఇక దాన్ని ఆ నల్లటి చక్రంతోనే తిప్పాలి. కానీ ఆ వేగంలో అడ్డరెక్క మీద గాలి ఒత్తిడికి చక్రం చేత్తో తిరగలేదు. 157 మంది.

అమెరికాలో ఇరవై నెలలు నేల మీదే ఉన్నాక మ్యాక్స్ మళ్లీ ఎగిరింది. ఇప్పుడు ఎంకాస్ రెండు సెన్సర్లనూ చూస్తుంది, ఒక్కసారికి మించి కలగజేసుకోదు. తప్పించుకోవాలని అంత తంటాలు పడ్డ సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరైంది.

కుటుంబం మాత్రం పెరుగుతూనే ఉంది. 2021 జూన్‌లో మొదటిసారి ఎగిరిన మ్యాక్స్ 10 దాదాపు 44 మీటర్ల పొడవు, తొలి 737 కంటే 15 మీటర్లు ఎక్కువ. తోక నేలకు తగలకుండా దాని వెనక కాళ్లు టేకాఫ్ సమయంలో 24 సెంటీమీటర్లు సాగుతాయి. గాల్లోకి లేచాక మళ్లీ కుదించుకుని లోపలికి మడుచుకుంటాయి. వాటిని దాచుకునే గూడు పాత కొలతలదే మరి.