చెన్నైలో ఇల్లు కొనేముందు అడిమనె ఎవరిదో అడగండి

పోయిన నెల మా పెదనాన్న కొడుకు ఒక ఇంటి పత్రాలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఇల్లు షావుకారుపేటలో. గాలీ వెలుతురూ ఉన్నాయి, నీళ్లకు ఇబ్బంది లేదు, ధర మాత్రం చుట్టుపక్కల రేటులో సగం కూడా లేదు. దస్తావేజు రెండో పేజీలో కారణం కనిపించింది. అమ్ముతున్నది ‘సూపర్‌స్ట్రక్చర్’ మాత్రమే, అంటే గోడలు, కప్పు, తలుపులు. కింద ఉన్న నేల, ఇక్కడివాళ్లు అడిమనె అంటారే, అది ఒక గుడిది.

“నేల అద్దె నామమాత్రమేనట అన్నా, ఇన్నేళ్లలో ఎవరూ ఖాళీ చెయ్యమనలేదట” అన్నాడు వాడు. ఈ మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఒకప్పుడు ఆ ధైర్యానికి చట్టం అండ నిజంగానే ఉండేది. గుడి స్థలాల విషయంలో ఆ అండ పోయి ముప్పై ఏళ్లవుతున్నా మాట మాత్రం పోలేదు, అదే నన్ను భయపెడుతోంది.

అసలు ఈ ఊరి పుట్టుకే ఒకరి నేల మీద ఇంకొకరు కట్టుకోవడంతో మొదలైంది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. తర్వాత ఈ ప్రాంతం గోల్కొండ చేతికి వచ్చాక, 1672లో కంపెనీ ఏటా 1200 వరహాల అద్దెకు ఒప్పందం చేసుకుంది. కోట పక్కన పెరిగిన ఊళ్లో మన తెలుగు దుబాసీలు, కోమట్లు, వాళ్లతోపాటు మొదలియార్లు గుళ్లు కట్టించి వాటికి స్థలాలు రాసిచ్చారు. గుడికి స్థలం ఉంటుంది, కట్టే డబ్బు ఉండదు. డబ్బున్నవాడికి స్థలం దొరకదు. కాబట్టి నేల గుడిది, ఇల్లు అద్దెదారుడిది. చాలాచోట్ల రాతకోతలు కూడా లేవు, అద్దె రసీదే ఆధారం.

ఇంగ్లీషు న్యాయం ప్రకారమైతే నేలకు అతుక్కున్నదంతా నేల యజమానిదే. మన దేశంలో అలా కాదని, కట్టినవాడికి తన కట్టడం మీద హక్కుంటుందని కలకత్తా హైకోర్టు 1866లోనే చెప్పింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా లీజు ముగిసినప్పుడు అద్దెదారుడు తాను కట్టుకున్నది విప్పుకుని పోవచ్చంది. కానీ మిద్దె ఇంటిని విప్పుకుని ఎక్కడికి పోతాం?

ఆ ప్రశ్నకు జవాబుగానే మద్రాసు నగర అద్దెదారుల రక్షణ చట్టం వచ్చింది. పేరులో 1921 అని ఉంటుంది, నంబరు మాత్రం 1922లో 3వ చట్టం, పాత తీర్పులు వెతికేవాళ్లు ఈ రెండు సంవత్సరాల మధ్య తికమక పడుతుంటారు. నేలకు సరైన అద్దె కడుతున్నంతకాలం ఖాళీ చేయించరన్న నమ్మకంతో ఇతరుల స్థలంలో కట్టుకున్నవాళ్లకు రక్షణ ఇవ్వాలని దాని పీఠికలోనే రాశారు. ఖాళీ చేయించాలంటే కట్టడానికి పరిహారం ఇవ్వాలి. అంతకన్నా పెద్దది 9వ సెక్షను: స్థలం యజమాని దావా వేస్తే, సమన్లు అందిన నెలలోపు అద్దెదారుడు కోర్టుకు వెళ్లి “ఆ నేలే నాకు అమ్మించండి” అని అడగొచ్చు, ధర కోర్టు నిర్ణయిస్తుంది. మొదట అప్పటికే ఉన్న అద్దెదారులకే వర్తించిన ఈ చట్టాన్ని 1955లో, ఆ తర్వాత కూడా సవరించి కొత్తవాళ్లకు విస్తరించారు. 1960లో కొంచెం బిగించారు, ఇంటికి ఎంత నేల అవసరమో అంతే అమ్మించాలని.

గుడి స్థలంలో ఇల్లు కొన్నా ఏదో ఒకరోజు నేల కూడా మనదవుతుందన్న ఆశ ఈ సెక్షను నుంచే వచ్చింది. మూడు తరాల వాళ్లు ఆ లెక్కతోనే కొన్నారు, కట్నాల కింద ఇచ్చారు, పంపకాలు చేసుకున్నారు.

1996లో తమిళనాడు ప్రభుత్వం సవరణ తెచ్చి, గుళ్లు, మఠాలు, మసీదులు, చర్చీల స్థలాలను ఈ చట్టం నుంచి తీసేసింది. కోర్టుల్లో నడుస్తున్న దరఖాస్తులు కూడా అంతటితో ఆగిపోయాయి. మైలాపూర్ క్లబ్ వంటి అద్దెదారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా, 2005లో కోర్టు ఆ సవరణ సరైనదేనంది. దేవుడి ఆస్తి కారుచౌకగా పోతోందన్న బాధ అబద్ధం కాదు, అందుకే ఆ తీర్పును నేను తప్పుపట్టలేను. కానీ రసీదు తప్ప ఇంకేమీ లేని పేద అద్దెదారుణ్నీ పెద్ద క్లబ్బునూ ఒకే గాటన కట్టడం మాత్రం అన్యాయమే అనిపిస్తుంది.

ఆ తర్వాత ఉచ్చు బిగుస్తూనే ఉంది. 1959 దేవాదాయ చట్టం 34వ సెక్షను ప్రకారం గుడి స్థలాన్ని ఐదేళ్లకు మించి లీజుకివ్వాలంటే కమిషనర్ మంజూరు కావాలి, లేకపోతే ఆ లీజు చెల్లదు. అద్దె ఇప్పుడు మార్కెట్ విలువను బట్టి నిర్ణయిస్తారు, ఆ పాత నామమాత్రపు అద్దె ఒక్క నోటీసుతో వేలల్లోకి పోవచ్చు. 2016 నుంచి అమల్లో ఉన్న రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షను వల్ల, అనుమతి లేకుండా గుడి స్థలం మీద దస్తావేజు పెడితే రిజిస్ట్రారు తిరగ్గొట్టాలి.

ప్రభుత్వ లీజులూ గట్టివేమీ కాదు. గిండీ రేసుకోర్సుకు 1946 నుంచి 99 ఏళ్లకు ఇచ్చిన సుమారు 160 ఎకరాల నేల అద్దె ఏడాదికి 614 రూపాయల చిల్లర. అద్దె పెంపు మీద బకాయిల గొడవ వందల కోట్లకు చేరి, 2024లో ప్రభుత్వం గడువు తీరకుండానే లీజు రద్దు చేసింది.

కాబట్టి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూసి సంతృప్తి పడకండి. విల్లంగం అని ఇక్కడ అడిగి తీసుకునే ఆ కాగితంలో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి, నేల ఎవరిదో పట్టా, సర్వే రికార్డు చూస్తేనే తెలుస్తుంది. లీజు పత్రం రిజిస్టరైందా, ఎన్నేళ్లు మిగిలింది, బకాయి ఎంత, పేరు మార్పుకు స్థలం యజమాని ఒప్పుకుంటాడా, ఇవన్నీ అడ్వాన్సు ఇచ్చేముందే రాతపూర్వకంగా తేలాలి. అమ్మేవాళ్లకూ ఒక మాట. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో నిషేధం లేకపోతే మీ లీజు హక్కును అమ్ముకోవచ్చు, కానీ అమ్మినంత మాత్రాన స్థలం యజమానికి మీరున్న బాధ్యత తీరదు. కొన్నవాడు అద్దె ఎగ్గొడితే నోటీసు మీ ఇంటికి కూడా రావచ్చు. ఇంకోటి, ఈ ఊళ్లో ‘లీజుకు ఇల్లు’ అంటే చాలాసార్లు ఒత్తి, అంటే మన భోగ్యం లాంటిది, ఒకేసారి సొమ్ము కట్టి అద్దె లేకుండా ఉండటం. అది పూర్తిగా వేరే సంగతి.

మా తమ్ముడు ఆ ఇంటివాళ్లను అడిగితే, గుడి రికార్డులో అద్దెదారుగా ఇప్పటికీ వాళ్ల తాత పేరే ఉందని తేలింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మొన్ననే వాళ్లు పేరు మార్పు అర్జీ పెట్టారు, వీడు అడ్వాన్సు జేబులోనే పెట్టుకుని అది తేలేదాకా ఆగుతానన్నాడు.