"నేనెక్కడ తప్పాను అయ్యగారూ?" దైవజ్ఞానం, దాని ప్రతిఫలం: అపోహలు - వాస్తవాలు

పాస్టరుగా నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లు మారతారు, ఊళ్లు మారతాయి, లోపలి భయం మాత్రం ఒకటే. "వాక్యం చెప్పినట్టే నడుచుకున్నాం కదా, మరి మాకెందుకిలా జరిగింది?"

2022 జనవరిలో మా సంఘంలోని ఒక సహోదరి వచ్చి, బైబిలు కవరు అరలోంచి ఒక వాగ్దానం కార్డు తీసి నా ముందు పెట్టింది. 2020 డిసెంబరు 31 రాత్రి కూటంలో తీసుకున్న కార్డు అది, కొత్త ఏడాదికి దేవుని మాటగా ఒక్కో బైబిలు వచనం అచ్చు వేసి ఇస్తాం. ఏడాదంతా తీసి చూసుకోవడంతో అంచులు మెత్తబడి పోయాయి. "నీ కొట్లలో ధాన్యము సమృద్ధిగా నుండును", సామెతలు 3:10. వాళ్లది రెండెకరాల కౌలు, మిరప వేశారు. ఆ ఏడు నల్ల తామర పురుగు పడి, పూతంతా రాలిపోయింది. గుంటూరు వైపు ఆ పురుగు ఎంతమందిని ముంచిందో రైతులకు చెప్పనక్కర్లేదు. కానీ ఆమెకు ఎవరో ఇంకో కారణం చెప్పారు: "నీ విత్తన కానుక సరిపోలేదమ్మా, అందుకే దీవెన ఆగింది." విత్తన కానుకంటే, విత్తనం వేస్తే పంట వచ్చినట్టు దీవెన తిరిగొస్తుందని చెప్పి ఇప్పించుకునే డబ్బు. చెవి కమ్మలు తాకట్టు పెట్టి ఆ కానుకా ఇచ్చి వచ్చింది. నాతో మాట్లాడుతున్నంతసేపూ కొంగుతో చెవులు కప్పుకుంటూనే ఉంది.

అపోహ: దేవుని జ్ఞానంతో బతికితే డబ్బు, ఆరోగ్యం వచ్చి తీరాలి. రాలేదంటే మనలో ఏదో లోపముంది.

అన్నిటికంటే ఎక్కువ ఇళ్లు పాడుచేస్తున్నది ఈ ఒక్క మాటే. కాబట్టి దీని మీదే ఎక్కువ చెబుతాను.

ఆ గ్రంథం పేరేమిటి? సామెతలు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని మనం పిల్లలకు చెబుతాం. అది నిజమే. అయినా ఎంతో మంచిగా మాట్లాడే మనిషికి కూడా చెడ్డ ఇరుగుపొరుగు దొరకొచ్చు. అంతమాత్రాన సామెత అబద్ధమైపోయిందని గానీ, ఆ మనిషి నోరు మంచిది కాదని గానీ ఎవరూ అనరు. లోకం మామూలుగా ఎలా నడుస్తుందో సామెత చెబుతుంది. అది స్టాంపు కాగితం మీద రాసిన ఒప్పందం కాదు. సామెతలు 26వ అధ్యాయం 4, 5 వచనాలు పక్కపక్కన పెట్టి చదవండి. మూర్ఖుడికి జవాబియ్యకు అని ఒకటి, ఇయ్యి అని ఇంకొకటి. రెండూ నిజాలే, సమయం చూసి వాడుకోవాలి.

అదే బైబిల్లో యోబు ఉన్నాడు. యథార్థవంతుడు, అయినా బిడ్డల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్నాడు. "నీలో పాపముంది, అందుకే ఇది" అని వాదించిన స్నేహితుల మీద దేవుడు కోపపడ్డాడని 42వ అధ్యాయంలో ఉంది. ప్రసంగి గ్రంథం 9:11 ఇంకా సూటిగా, "జ్ఞానముగలవారికి అన్నము దొరకదు" అంటుంది. కార్డుల మీద ఈ వచనం ఎవరూ అచ్చు వేయరు.

ఇంకో మాట. ఆమె కార్డు మీద 10వ వచనం ఒక్కటే ఉంది. దాని ముందున్న 9వ వచనం "నీ రాబడి అంతటిలో ప్రథమఫలమును నీ ఆస్తిలో భాగమును" ఇమ్మంటుంది. ఉన్నదానిలో నుంచి ఇవ్వమన్నాడు. పంటే రాని ఇంట్లో కమ్మలు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ప్రథమఫలం ఎలా అవుతుంది? తాకట్టు పెట్టి తెమ్మని దేవుడు అడగలేదు. అడిగినవాళ్లు మనుషులు.

ఆ రోజు నేను పెద్ద ప్రసంగమేమీ చేయలేదు. ఆమె భర్తను కూడా పిలిపించి, పాత క్యాలెండరు వెనక అప్పులన్నీ రాయించాను. కౌలు ఎంత, ఎరువుల కొట్టు బాకీ ఎంత, బంగారం లోను ఎంత, వడ్డీ ఎక్కడ ఎక్కువ. కొట్టు బాకీ సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆయన తల దించుకుని అంకె చెప్పాడు. ఆమె కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ముందు వడ్డీది తీర్చేద్దాం" అంది. మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, "చాన్నాళ్లకు నిద్ర పట్టింది అయ్యగారూ" అని చెప్పింది. అప్పు ఒక్క రూపాయి తగ్గలేదు. సామెతలు 3:24 చూడండి: "నీవు పరుండి సుఖముగా నిద్రించెదవు." నిద్ర కూడా జ్ఞానానికి ప్రతిఫలమే. భార్యాభర్తల మధ్య దాపరికం పోవడం, ఊళ్లో మన మాటకు విలువ ఉండటం కూడా ప్రతిఫలాలే. గొప్ప ఐశ్వర్యం కంటే మంచి పేరు కోరదగినదని 22:1 ఊరికే అనలేదు.

అపోహ: తోటి విశ్వాసికి హామీ సంతకం పెట్టడం ప్రేమ. వెనకాడటం అవిశ్వాసం.

నేను కూడా అలాగే అనుకున్నాను. పదేళ్ల కిందట ఒక స్నేహితుడి చీటీకి సంతకం పెట్టాను. నా భార్య వద్దంది, నేను వినలేదు. అతను చీటీ పాడుకుని, మూడు నెలలు కట్టి మానేశాడు. తర్వాత ఇరవై ఆరు నెలలు మేమే కట్టాం. పూటపడినవాడు, అంటే ఇంకొకరి అప్పుకు హామీ ఉన్నవాడు, వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకోవాలని సామెతలు 6వ అధ్యాయంలో ఉంది. దాని మీద నేను అంతకుముందే ప్రసంగం చేశాను కూడా. సాయం చేయాలనిపిస్తే, పోయినా ఫరవాలేదనుకున్నంత చేతిలో పెట్టండి. సంతకం మాత్రం వద్దు.

మిగతావి క్లుప్తంగా.

జ్ఞానం చదువుకున్నవాళ్లకే అన్నది తప్పు. యాకోబు 1:5 "అందరికిని ధారాళముగ" అంటుంది. ఒకసారి దొరికితే జీవితాంతం ఉంటుందన్నదీ తప్పే. సొలొమోను రాజుకు దేవుడు జ్ఞానమిచ్చిన 1 రాజులు 3 చదివి ఆపేయకండి, అతని మనసు దేవుని నుంచి తొలగిపోయిన 11 కూడా చదవండి. సలహా అడిగితే విశ్వాసం లేనట్టే అంటారు. ఆలోచన చెప్పేవాళ్లు బహుమంది ఉంటేనే ఉద్దేశాలు దృఢపడతాయని సామెతలు 15:22 చెబుతోంది. ప్రార్థన చేస్తున్నాం కాబట్టి మందులు మానేశాం అనేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు పౌలు ప్రార్థన చేస్తే చాలనలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. బీపీ మాత్ర వేసుకుని ప్రార్థన చేయండి.

ఈ డిసెంబరు 31న కూడా మా సంఘంలో కార్డులు ఇస్తాం. ఈసారి ప్రతి కార్డు మీదా ఆ అధ్యాయం మొత్తం చదవమని రాయిస్తున్నాను. చదివాక భయం పుడితే, ఎవరికీ ఏ కానుకా ఇవ్వకముందే, అప్పు కాగితాలు పట్టుకుని మీ పాస్టరు దగ్గరికో, లెక్క తెలిసిన పెద్దల దగ్గరికో వెళ్లండి. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి.