పనిముట్ల తుప్పు: కోనసీమ గాలిలో అపోహలు - వాస్తవాలు

అపోహ: నీళ్లు తగలకపోతే తుప్పు పట్టదు.

వాస్తవం: గాలిలో తేమ 60 శాతం దాటితే చాలు, కంటికి ఆనని నీటిపొర ఇనుము మీద చేరుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు దీనికి సముద్రపు ఉప్పు తోడు. తేమ 75 శాతానికి చేరితే ఉప్పు తనంతట తానే గాలిలోని నీటిని పీల్చి కరుగుతుంది. చెమట చేత్తో పట్టిన ఉలి మీద మర్నాటికి వేలిముద్రలు ఎర్రగా తేలేది అందుకే. ఉప్పు ఉండగా నూనె రాస్తే అది నూనె కిందే ఉండి తన పని తాను చేసుకుంటుంది. ముందు మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి, బాగా ఆరనివ్వండి, ఆ తర్వాతే నూనె.

అపోహ: పెట్టెలో బియ్యం మూటో, చెప్పుల డబ్బాలో వచ్చిన సిలికా పొట్లమో పడేస్తే చాలు.

వాస్తవం: బియ్యం ఈ గాలిలోనే ఉండి తనకు పట్టినంత తేమ ముందే పీల్చేసింది, మీకు మిగిలేది పురుగు. ఇక లెక్క చూడండి. 30 డిగ్రీల దగ్గర ముసురు గాలి ఘనమీటరుకు దాదాపు 26 గ్రాముల నీరు మోస్తుంది. అంటే 50 లీటర్ల పెట్టెను తెరిచి మూసినప్పుడల్లా సుమారు 1.3 గ్రాములు లోపలికి వస్తుంది. చెప్పుల డబ్బా పొట్లం కొత్తదైనా అర గ్రాము కూడా పట్టదు. అదే 50 గ్రాముల సిలికా జెల్ పెట్టెను పొడిగా ఉంచుతూ పది గ్రాముల దాకా పడుతుంది. దాన్ని ఎండలో పెడితే మళ్లీ పూర్తిగా పనికొస్తుందన్నదీ భ్రమే: 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉండాలి. నీలం రంగు సిలికా గింజల్లో ఉండేది కోబాల్ట్ క్లోరైడ్, విషం. వంట ఓవెన్‌లో, వంట మూకుడులో వద్దు.

అపోహ: కొబ్బరినూనె ఉండగా వేరే నూనె దేనికి?

వాస్తవం: రోజూ వాడే ఉలికి పరవాలేదు. మూలన పెట్టేవాటికి కాదు. 24 డిగ్రీల కింద అది పేరుకుంటుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున బిగుసుకున్న చిత్రిక (చెక్క నునుపు చేసే పనిముట్టు) స్క్రూకు కారణం అదే కావచ్చు. పాతబడి చెడిన నూనె వాసన వస్తే అందులోని ఆమ్లాలు ఇత్తడి భాగాలకు పచ్చ చిలుము పట్టిస్తాయి. నెలల తరబడి దాచేవాటికి వాజిలిన్, చిత్రిక అడుగుకు మైనం (నూనైతే చెక్కకు మరక). డబ్ల్యూడీ-40 పేరులోనే ఉంది, నీటిని తరిమేదని. అది వదిలే పొర పలచన, ఎక్కువ కాలం నిలవదు.

అపోహ: కరెంటుతో తుప్పు తీసేటప్పుడు నీళ్లలో ఉప్పు వేస్తే పని వేగంగా అవుతుంది, స్టీలు గరిటె తగిలిస్తే శుభ్రం.

వాస్తవం: రెండూ ప్రమాదమే. ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. స్టీలులోని క్రోమియం విషంగా మారి నీటిలో కలుస్తుంది. సరైన పద్ధతి ఇది: ప్లాస్టిక్ బకెట్, నాలుగు లీటర్ల నీటికి పెద్ద చెంచాడు బట్టల సోడా. ఎదుటి కొసకు మామూలు ఇనుప కమ్మీ. జింకు పూత ఉన్నది వద్దు. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ నెగెటివ్ పనిముట్టుకు, పాజిటివ్ కమ్మీకి. తారుమారైతే తినేసేది మీ పనిముట్టునే. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. కమ్మీ వైపున్న ముఖమే ముందు శుభ్రమవుతుంది కాబట్టి మధ్యలో తిప్పాలి, తిప్పే ముందు స్విచ్ ఆపాలి. కొత్తరకం ఆటోమేటిక్ ఛార్జర్లు బ్యాటరీ ఉందని తెలిస్తేనే కరెంటు వదులుతాయి. బుడగలు రాకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే.

పైకి వచ్చేది హైడ్రోజన్, కాబట్టి బకెట్ వాకిట్లోనే. బీడీ, సిగరెట్ దూరం. స్ప్రింగులు, రంపం బ్లేళ్లు ఇందులో వేయకండి. హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి పెళుసు చేస్తుంది, తర్వాత టప్పున విరుగుతాయి.

బయటికి తీశాక నల్లటి పొర బ్రష్షుతో పోతుంది. కడిగి టీ తాగొద్దామనుకుంటే, మన తేమలో తిరిగొచ్చేసరికి నారింజ రంగు మొదలై ఉంటుంది. నూనె గుడ్డ పక్కనే ఉంచుకుని, హెయిర్ డ్రయ్యర్‌తో వేడెక్కేదాకా ఆరబెట్టి, ఆ వేడి మీదే రాసేయండి.